గంగులమ్మ చూసిన కత్తి

ఒకే ఒక్క మాట తేల్చుకోవడానికి చిక్కబళ్ళాపురం నుంచి బయల్దేరాను. కోర్టు కాగితాలు తర్జుమా చేయడం నా పని. పొలం గట్టు తగాదాలో మరిది తన మీద కత్తి ఎత్తాడని గంగులమ్మ అనే ఆమె తెలుగులో చెప్పింది. కన్నడంలోనూ కత్తి అనే రాశారు. ఇంగ్లీషుకొచ్చేసరికి అది ఖడ్గమైంది, కేసు బరువెక్కింది. తమిళంలో ఖడ్గాన్ని వాళ్ అంటారు, కత్తి వేరు. హిందీలో తల్వార్ వేరు, చాకు వేరు. మనకూ కన్నడం వాళ్ళకూ కూర తరిగేదీ కత్తే, యుద్ధంలో దూసేదీ కత్తే. మరిది జైల్లో ఉన్నాడు. ఆమె చూసిందేమిటో కనుక్కోమని అతని లాయరు నన్ను పంపాడు.

ఎనిమిది గంటల బాగేపల్లి బస్సులో ఆధార్ చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ ఇచ్చాడు. పక్కనున్న టమాటా రైతును, "కత్తి అని మీరు దేన్నంటారప్పా?" అని అడిగాను.

ఆయన నా సంచి వైపు చూశాడు. "ఎందుకమ్మా నీకు కత్తి సంగతి?" అంటూ లేచి వెనక సీటుకు పోయాడు.

బాగేపల్లిలో ఇడ్లీ తిని ఆటోలో వెళితే గంగులమ్మ ఇంటికి తాళం. ఎదురింటామె నన్ను ఎగాదిగా చూసింది. "యాడ్నుంచి వస్తాండావు? ఆ మరిది పంపినాడా?"

లాయరు పంపాడన్నాను. గంగులమ్మ చింతామణిలో కూతురింట్లో ఉందని ముక్తసరిగా చెప్పింది. సందు మలుపులో వెనక్కి చూస్తే ఎవరికో ఫోన్ చేస్తోంది.

చేలూరు మీదుగా చింతామణి చేరేసరికి రెండు దాటింది. బస్సు దిగగానే ఒకతను అడ్డం వచ్చాడు. "లాయరు పంపిన మేడమ్ మీరేనా?" గంగులమ్మ అల్లుడట. "రికార్డు చేస్తారు మీరు," అంటూ నా ఫోన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. భయంగానే అతని స్కూటరెక్కాను.

గంగులమ్మ చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు.

"పెద్దమ్మా, నువ్వు చూసింది ఎట్లాంటి కత్తి?"

"కత్తి అంటే కత్తే. కాదని రాయించుకోను వచ్చినావా?"

"ఇంగ్లీషులో రాజుల ఖడ్గమని పడింది."

ఆమె చేతులు ఆగాయి. "ఖడ్గమా? మా ఇండ్లల్లో ఖడ్గాలు యాడుండాయమ్మా? అది టెంకాయలు కొట్టే మచ్చు."

వచ్చిన పని అయిందని లేచాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో కొంగు జరిపి చెవి కింద గాటు చూపించింది.

"మచ్చు అని రాస్తావు, సరే. దాన్ని ఈడ పెట్టినాడు. అదీ రాస్తావా, వాన్ని ఇడిపించే మాట ఒకటే రాసుకోని పోతావా?"

లాయరుకు కావలసింది ఆ ఒక్క మాటే. చివరికి రెండూ రాస్తానన్నాను. ఆమె నమ్మలేదు. అక్కడే రాసి చదివి వినిపించాక అల్లుడు ఫోన్ తిరిగిచ్చాడు.

తిరుగు దారిలో శిడ్లఘట్ట బస్సులో ఉండగా లాయరు ఫోన్ చేశాడు. మచ్చు అనగానే, "అది చాలు!" అన్నాడు. రెండో వాక్యం చదివాను.

"అది మనకెందుకండీ?"

"ఆమె చెప్పింది కాబట్టి," అని రెండూ కలిపి పంపేశాను.

పొద్దుటి నుంచి ఎవరూ నన్ను నమ్మలేదు. చిక్కబళ్ళాపురం దీపాలు కనిపిస్తుంటే, నేను పోయింది ఆ ఒక్క మాట కోసమే గనక వాళ్ళ అనుమానంలో తప్పేమీ లేదనిపించింది.