సుందా అంకెల వెంట షెఫీల్డ్‌కి

2015 మార్చిలో ఒక శనివారం, ఉదయం ఎనిమిదిన్నర రైలుకి బర్మింగ్‌హామ్ నుంచి షెఫీల్డ్ బయలుదేరాను. పక్క సీట్లో నా క్లాస్‌మేట్ రిని. ఇండోనేషియాలో బాండుంగ్ ఆమె ఊరు, సుందా ఆమె భాష. షెఫీల్డ్ యూనివర్సిటీలో విద్యార్థుల సదస్సుకి మా డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్కరికే అవకాశం. నేను తెలుగు అంకెల మీద రాసిచ్చాను, ఆమె సుందా అంకెల మీద. ఆమెను ఎంచుకున్నారు. "భయంగా ఉంది, తోడు రా" అని ఆమె బతిమాలితే కాదనలేకపోయాను.

ఎదుటి సీట్లో తెనాలి ఆంటీ ఒకావిడ, నర్సు, డ్యూటీకి వెళ్తోంది. మా సదస్సు సంగతి విని, "మా డ్యూటీల రోటా మార్చేశారమ్మా, శనివారమూ తప్పలేదు. అక్కడ నువ్వూ మాట్లాడతావా?" అంది.

"లేదాంటీ, ఆ అమ్మాయే."

నేను తెచ్చిన పులిహోర రిని లొట్టలేసుకుంటూ తింది. నా వాటా కూడా ఆమెకే ఇచ్చేశాను.

షెఫీల్డ్‌లో ట్రామ్ ఉంది, కానీ మేం ఎత్తెక్కుతూ నడిచే వెళ్లాం. ఊరంతా గుట్టలే, చూడ్డానికి బాగుంటుంది. పదకొండింటికి రిని వంతు. తెర మీద ఆమె అంకెలన్నీ ఖాళీ డబ్బాలై కనిపించాయి. ఆమె మొహం పాలిపోయింది. హాల్లోని కంప్యూటర్‌లో సుందా ఫాంట్ లేదు. నా లాప్‌టాప్‌లో ఉంది. ఆ అంకెల్లో అంత గొప్పేముందో చూసి కుళ్లుకోవడానికే దించుకున్నాను. లేచి వెళ్లి, ఆమె ఫైల్ అందులో తెరిచి తెరకి తగిలించాను.

"కొన్ని అంకెలు అక్షరాల్లాగే ఉంటాయి. అందుకే సంఖ్యకి అటూ ఇటూ నిలువు గీతలు పెడతాం" అని రిని మొదలుపెట్టింది. "2008లో యూనికోడ్ మా ఒక్కో అంకెకీ సొంత కోడ్ ఇచ్చింది. ఇప్పుడు ఎక్కడ టైప్ చేసినా మా మూడు మా మూడే."

చప్పట్లు మోగాయి. మా తెలుగు అంకెలు అంతకు చాలా ముందే అందులో చేరాయి కదా అనుకుంటూ నేనూ కొట్టాను.

నాలుగున్నర రైల్లో తిరుగు ప్రయాణం. బాండుంగ్‌లో అర్ధరాత్రి కావస్తున్నా వాళ్లమ్మ నిద్రపోకుండా కూర్చుందట. ఆ రోజు తేదీని సుందా అంకెల్లో, నిలువు గీతల మధ్య చేత్తో రాసి ఫొటో పంపింది. రిని కళ్లు తుడుచుకుంది.

నేనూ ఫోన్ తీసి మా అమ్మకి '౬ గంటలకు ఇంటికి చేరతాను' అని పంపాను.

జవాబు వెంటనే వచ్చింది: "గంటలకు ముందు ఆ గుర్తేంటే? ఎన్నింటికి చేరతావ్?"

ఆరింటికి అని అక్షరాల్లో రాశాను. తర్వాత రిని వైపు తిరిగి, ఆ ఫొటో ఇంకోసారి చూపించమని అడిగాను.