సాగియు గోడకి రెండు అంచులు

లెన్సు కొనడానికి వెళ్ళేటప్పుడు మొగుణ్ణి వెంట తీసుకెళ్ళడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. హరుయోకి ఆ సంగతి బాగా తెలుసు. కానీ ఆ రోజు తోకుజి తనంతట తానే చాపల దుకాణానికి తలుపు దించేసి, గళ్ళ టోపీ పెట్టుకుని గుమ్మంలో తయారయ్యాడు.

"నువ్వెందుకయ్యా?"

"గోడ కొలత నాకు తెలుసుగా!"

అది నిజమే. తాతల నాటినుంచి గది నేలంతా పరిచే తతామి చాపలు అల్లే వంశం. గదిలో కాలు పెడితే చాలు, ఎన్ని చాపలు పడతాయో టేపు తీయకుండా చెప్పేస్తాడు. ఆ చాపలకి అంచులు కుట్టీ కుట్టీ విసుగెత్తిపోయిన హరుయో, అరవయ్యో ఏట ఒక ఫుల్‌ఫ్రేమ్ కెమెరా తెచ్చి సూదులడబ్బా పక్కన పెట్టింది. ఆ తర్వాత లెన్సులు మొదలయ్యాయి. టోక్యోలో దాన్ని లెన్సుల ఊబి అంటారు. కాలు పెట్టినవాళ్ళు బయటపడ్డ దాఖలా లేదు. హరుయో అయితే తలకిందులుగా దూకింది.

ఇప్పుడు కావలసింది గోడంతా ఒక్కసారే పట్టే వైడ్ యాంగిల్. ఎందుకంటే రేపు సాగియు గోడ మీద బొమ్మ చెరిగిపోతుంది.

సాగియు ఆ పేటవాళ్ళందరికీ వేడినీళ్ళ స్నానశాల. ఆడవాళ్ళొక పక్క, మగవాళ్ళొక పక్క, మధ్యలో పైకప్పుదాకా లేవని అడ్డగోడ. ఎదురుగా ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకే బొమ్మ, ఫుజి కొండ. శిఖరం సరిగ్గా అడ్డగోడ మీదికి వస్తుంది, వాలులు చెరో పక్కకీ దిగుతాయి. రోజూ సాయంత్రం మొగుడూ పెళ్ళాలు కలిసి వెళ్ళి, చెరో తలుపులో దూరతారు. ఒళ్ళు కాగాక తోకుజి గోడ మీదుగా కేకేస్తాడు: "హరుయో, లేస్తున్నానే!" అటునుంచి జవాబు: "నాకింకా తల కూడా తడవలేదు, నువ్వక్కడే నానుతూ ఉండు!" రెండు పక్కలా నవ్వులు.

బొమ్మ పాతబడితే చిత్రకారుడు వస్తాడు, పాతదాని మీదే కొత్త కొండ వేసేసి పోతాడు. ఎవరూ ఏడవరు. అది ఆనవాయితీ. ఈసారి మాత్రం యజమానురాలు షిగెనో, "రెండు పక్కలూ కలిపి ఒక్క ఫోటో తియ్యవూ" అని హరుయోని అడిగింది. అడగ్గానే హరుయోకి కాళ్ళు నేల మీద ఆగలేదు. తోకుజికి మాత్రం వేరే బెంగ పట్టుకుంది.

ఆరేళ్ళ కిందట, ఇదే బొమ్మ వేసిన ముసలి చిత్రకారుడితో తోకుజి ఒక సీసా ఖాళీ చేసి, ఓ కోరిక కోరాడు. మగవాళ్ళ పక్క, సముద్రం చివర, చిన్న పడవలో ఒక ఆడమనిషి కెమెరా పట్టుకుని ఉంటుంది. ఆవిడ హరుయో. ఆడవాళ్ళ పక్క, ఆ చివర పైన్ చెట్టు కింద, ఒకడు గళ్ళ టోపీ పెట్టుకుని, మోకాలు వంచి, రెండు వేళ్ళెత్తి ఫోటోకి నిలబడి ఉంటాడు. వాడు తోకుజి. గోడకి చెరో అంచునా ఉండి, అడ్డగోడ మీదుగా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఉంటారు. రోజూ చూస్తుంది కదా, కనిపెట్టకుండా ఉంటుందా అనుకున్నాడు. ఏదీ! ఒకసారి మాత్రం, "ఆ చెట్టు కింద పనీపాటా లేని వెధవ ఎవడో" అంది. అంతే. ఇటుపక్క మగాళ్ళేమో ఆరేళ్ళుగా తోకుజిని వేపుకు తింటున్నారు. తొట్టెలోంచి లేచిన ప్రతివాడూ, "మీ ఆవిడ ఫోటో తీస్తోందిరోయ్, పొట్టలు లోపలికి లాక్కోండి!" అనడమే.

ఇప్పుడు ఆ ఇద్దరూ ఒక్క ఫోటోలో పడకపోతే ఇంక ఎప్పటికీ పడరు. నోరు విప్పి చెప్పొచ్చు కదా అంటారా? మగాళ్ళందరి ముందూ పెళ్ళాం బొమ్మ పెట్టించిన మొగుడు, ఆ మాట పెళ్ళాంతో ఎలా చెప్తాడండీ!

పాత కెమెరాల దుకాణంలో ఒగాతా తెల్ల చేతితొడుగులు వేసుకుని రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇరవై మిల్లీమీటర్లది, పొందిగ్గా, అరచేతిలో ఒదిగేలా ఉంది. రెండోది పద్నాలుగుది, ఇంకా వెడల్పు పట్టేది. అద్దం ముందుకి ఉబ్బి, కప్ప కన్నులా ఉంది. హరుయో ఇరవైని చేతిలోకి తీసుకుంది, అంతే, కొత్త పెళ్ళికూతుర్లా మెరిసిపోయింది.

"అది వద్దే. కప్పకన్నుది తీసుకో," అన్నాడు తోకుజి.

హరుయో మెల్లగా తల తిప్పింది. "మొన్నటిదాకా ఇంకో లెన్సు ఇంట్లోకొస్తే నేను బయటికి పోతానన్నావు. ఇవాళ పొట్టున్నదే కావాలా? ఒంట్లో బానే ఉందా?"

"గోడ ఎక్కడ, నువ్వు నిలబడే చోటెక్కడ! వెనక్కి జరుగుదామంటే అద్దాల తలుపు. ఇరవైలో పట్టదు."

"అంచులు పోతే పోనీ. నాకు కొండ కావాలి. పద్నాలుగు పెడితే కొండ అన్నం ముద్దంత అయిపోతుంది. అవునా ఒగాతా గారూ?"

"అవునమ్మా, మధ్యలోది వెనక్కి పోతుంది, అంచులు సాగుతాయి. పోనీ రెండు మూడు తీసి కలుపుకుంటే…"

"అతుకుల బొంత నాకొద్దు!"

హరుయో ఊరుకోలేదు. దుకాణం మధ్య స్తంభమే అడ్డగోడ అంది. ఒగాతాని ఒక మూలకి, మొగుణ్ణి ఇంకో మూలకి తోలి, ఇరవై బిగించి చూసింది.

"ఒకళ్ళొస్తే ఒకళ్ళు రావట్లేదు. పోనీలే, నువ్వే పోయావు."

నువ్వే పోయావు! ఎంత తేలిగ్గా అనేసింది! తోకుజికి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఇంక సిగ్గేమిటనుకున్నాడు. "ఒక్కసారి పద్నాలుగు పెట్టి చూడవే, నీకు పుణ్యముంటుంది," అని, టోపీ సర్దుకుని, ఒక మోకాలు వంచి, రెండు వేళ్ళెత్తి, చచ్చినా కదలనన్నట్టు నిలబడ్డాడు.

హరుయో గొణుక్కుంటూ పద్నాలుగు బిగించింది. కన్ను పెట్టింది. అంచున, సాగిన సేమియాలా, గళ్ళ టోపీ పెట్టుకుని ఒక శాల్తీ. ఆవిడ గొణుగుడు ఆగిపోయింది.

"ఏవయ్యా, ఆ చెట్టు కింద వెధవ…"

"ఊఁ."

"నువ్వా?"

తోకుజి వేళ్ళు దించలేదు. "ఊఁ."

"ఆరేళ్ళుగా ఎవత్తెని చూసి ఆ పళ్ళికిలింపు?"

"రేపు తీస్తావుగా. చూసుకో."

హరుయో ఇరవైని ఒక్కసారి నిమిరి, ఒగాతా చేతిలో పెట్టేసింది.

మర్నాడు స్నానశాలకి సెలవు. తొట్టెలు వట్టిగా ఉన్నాయి. కొత్త చిత్రకారిణి రంగుడబ్బాల మూతలు తీసి కూర్చుంది. ఆడవాళ్ళ పక్క అడ్డగోడకి ఆనించి షిగెనో నిచ్చెన వేయించింది, హరుయో ఎక్కింది, తోకుజి కింద పట్టుకున్నాడు. తన బొమ్మ చూడటం తోకుజికీ అదే మొదలు. ఆ దొంగ ముసలాడు పొట్ట ఎంత పెద్దది వేశాడో!

తోకుజి తలెత్తాడు. హరుయో భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని హడలిపోయాడు. నవ్వుతోంది. కాదు, రెండూనూ.

"పడవలో ఎవరయ్యా?"

"ఎవరో ముసల్ది."

"లెన్సు తప్పు వేశాడు మీవాడు. అంత పొడుగుది నా దగ్గర లేదు."

"అంత దూరం నుంచి నన్ను తియ్యాలంటే ఆమాత్రం పొడుగుండొద్దటే?"

హరుయో ముక్కు చీదుకుంది. అంతలోనే గుర్తొచ్చినట్టుంది, కేక పెట్టింది. "అయితే ఈ పేటలో మగాళ్ళందరూ ఆరేళ్ళుగా నా ముందు బట్టల్లేకుండా తిరుగుతున్నారా?"

"పొట్టలు లోపలికి లాక్కునే తిరిగారు లేవే."

షిగెనో గోడ పట్టుకుని నవ్వింది. నిచ్చెన ఊగింది.

"నన్ను షిగెనో పట్టుకుంటుంది గానీ, నువ్వెళ్ళు. వెళ్ళి ఆ చెట్టు కింద నిలబడు. టోపీ సర్దుకో."

తోకుజి వట్టి తొట్టెలోకి దిగి, బొమ్మలో తన పక్కనే నిలబడి, మోకాలు వంచి, రెండు వేళ్ళెత్తాడు. అటు పడవలో హరుయో, ఇటు నిచ్చెన మీద హరుయో. రెండు అంచులూ పడ్డాయని చూసుకున్నాకే మీట నొక్కింది.

ఆ ఫోటో ఇప్పుడు చాపల దుకాణంలో ఉంది. కొండ నిజంగానే అన్నం ముద్దంతే పడింది. ఈ అంచున తోకుజి పొట్టలు రెండూ ఇంకా సాగాయి. చాపల కోసం వచ్చినవాళ్ళు, "ఏమ్మా, ఇంత గోడలో కొండ ఇంతేనా?" అని అడుగుతారు.

అంచు కుడుతూ తలెత్తకుండా అంటుంది హరుయో, "కొండ ఎవడిక్కావాలండీ!"