రెండు క్లచ్చులు, ఒక ఎడమ కాలు

ఆ రోజుల్లో నాకు భయం వేస్తే వెంటనే కోపం వచ్చేది, కోపం వస్తే ఫిర్యాదు రాసేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు సొంతమని చెప్పుకోవడానికి ఉన్నవి రెండే. ఒకటి డ్రైవింగ్ లైసెన్సు, రెండోది నన్ను చిన్నబుచ్చినవాళ్ళ జాబితా. లైసెన్సు ఒకసారి పోగొట్టుకున్నాను గానీ, జాబితా మాత్రం ఏనాడూ పోలేదు. అందులో మొదటి పేరు మా మేనమామది, రెండోది విజయనగరంలోని ఒక కార్ల వర్క్‌షాపుది. ఇద్దరి మీదా ఒకేసారి కోపం వచ్చిన సందర్భం ఇది.

మావది నరసన్నపేటలో చేపల వ్యాపారం. రెండేళ్ళపాటు ఆయన ఐసు పెట్టెల వ్యాను నేనే నడిపాను. తీరం నుంచి పేటకి, పేట నుంచి శ్రీకాకుళానికి. దాని క్లచ్చు తొక్కాలంటే సీటు మీంచి సగం లేచి, ఒంటి బరువంతా ఎడమ కాలి మీద వెయ్యాలి. కరిగిన ఐసు నీళ్ళు వెనక నుంచి కారుతూ ఉండేవి. ఎన్నిసార్లు స్నానం చేసినా వాసన పోయేది కాదు. ఒక పెళ్ళిలో నా పక్కన కూర్చున్న దూరపు బంధువొకావిడ లేచి రెండు కుర్చీలు అవతలికి జరిగింది. (ఆకుపచ్చ చీర. నాకు బాగా గుర్తు.) అందుకే మావ సెకండ్ హ్యాండులో ఆటోమేటిక్ కారు కొని, తనకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి నన్ను తోలమన్నప్పుడు నా బతుకు మారిపోయిందనుకున్నాను. కారుకి తగ్గట్టు ఉండాలని మడమ కింద ఇనప నాడాలు కొట్టిన తోలు చెప్పులు కూడా కొనుక్కున్నాను.

కారు అమ్మినాయన దాని గొప్పంతా చెప్పాడు. లోపల రెండు క్లచ్చులుంటాయి, ఒకటి వదిలేలోపు రెండోది పట్టుకుంటుంది, కాలితో తొక్కే పనే లేదు అన్నాడు. మావ వంగి కిందకి చూశాడు. "రెండుండి ఒకటీ కనబడకపోడమేటి? సరే గానీ, ఒరే అల్లుడా, దీనికేటైనా అయ్యిందంటే జన్మంతా నీకు ఐసుబండే. మళ్ళీ దీని తలుపు కూడా ముట్టనివ్వను." అక్కడితో ఆగితే బాగుండేది. చుట్టూ బజారంతా ఉండగా, "ఈడు తోల్తే లోపల మడుసులు ఐసులో ఏసిన సేపల్లా బిగుసుకుపోతారు" అని కూడా అన్నాడు. నవ్వినవాళ్ళు పదకొండు మంది.

మూడో రోజున మొదలైంది, టక్ మని. ముందువైపు, కింద, కాస్త ఎడమగా, సరిగ్గా గేరుబాక్సు ఉండే చోట. గేరు మారినప్పుడల్లా టక్. వేగం పెరిగితే టక్, తగ్గితే టక్. దానికి తోడు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో, ఆటోల మధ్య నత్తలా కదులుతుంటే, కారు జ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. ఎదురుగా డాష్‌బోర్డు మీద గేరు గుర్తు, పళ్ళచక్రం బొమ్మ ఒకటి, నారింజ రంగులో వెలిగింది.

"కారు వణుకుతున్నాదేటిరా?" అని వెనక సీటులోంచి మావ.

"ఏసీ మావా. చల్లగా ఉంది కదా."

"కారుకీ సలేస్తాదేటి?"

ఆ తరవాత నాకు అన్నం సయించలేదు. అత్త గరిట గిన్నెకి తగిలి టక్ మన్నా కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి. పెరట్లో ఐసు వ్యాను నిలబడి ఉండేది, ఒక లైటు పగిలి, ఒంటికంటితో నా వంకే చూస్తూ. నేను తిరిగి వస్తానని దానికి ముందే తెలిసినట్టు ఉండేది ఆ చూపు.

మావకి చెప్పకుండా విజయనగరం వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఉద్యోగి ఒకడు మెకానిక్కుని పంపాడు. అతను ఒక చుట్టు తిప్పి తెచ్చి, సౌండ్ ఏమీ లేదన్నాడు. "కొత్తగా ఆటోమేటిక్ నడిపేవాళ్ళకి అలా అనిపిస్తుంది సార్" అన్నాడు ఇస్త్రీ చొక్కా. అనిపిస్తుందట! నాలుగు పేజీల ఫిర్యాదు రాసిచ్చాను, ముఖ్యమైన చోట్ల ఎర్ర సిరాతో గీతలు గీసి మరీ. రెండోసారి వెళ్తే ముందు చక్రాల దగ్గర ఏవో రబ్బర్లు మార్చి, ఇప్పుడు నిశ్శబ్దంగా ఉందన్నారు. నేనెక్కి గేటు దాటానో లేదో, టక్. (ఆ రోజు అక్కడ కూర్చున్న ముగ్గురికి టీ ఇచ్చారు. నేను నాలుగోవాణ్ణి. అది కూడా ఫిర్యాదు అడుగున చేర్చాను.)

ఆ శనివారం అత్త మొక్కు తీర్చుకోవడానికి రామతీర్థం బయలుదేరాం. రణస్థలం దగ్గర లారీల వెనక ఇరుక్కుని పాకుతూ పోతుంటే వణుకు వచ్చింది, నారింజ బొమ్మ ఎర్రగా మారింది, కారు రోడ్డు మీదే ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ మీద పడుకున్నాడు. పది నిమిషాలు చల్లారాక గానీ కదల్లేదు. ఆ పది నిమిషాల్లో నా చేత అన్నీ చెప్పించాడు మావ. అంతా విని, "ఇయేల తేలిపోవాల. తేలకపోతే రేపట్నుంచి ఐసుబండి" అన్నాడు. అత్త మాత్రం కొబ్బరికాయల సంచి ఒళ్ళో పెట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. నేను కూడా తలుచుకున్నాను, కాకపోతే నాది కూడా ఫిర్యాదే.

దారిలోనే ఉన్న వర్క్‌షాపులో ఆగి, ఈసారి ఇస్త్రీ చొక్కాని పక్కకి నెట్టి, "పెద్ద మేస్త్రి నా పక్కన కూర్చోవాలి, బండి నేనే నడుపుతాను" అని పట్టుపట్టాను. చేతులు తుడుచుకుంటూ ఒక ముసలాయన వచ్చి ఎక్కాడు. మావా అత్తా వెనక సీటులో. నెల్లిమర్ల రోడ్డెక్కాం. రెండో గేరు, టక్. మూడో గేరు, టక్.

"విన్నారా!" అని అరిచాను. మూడు వారాల్లో నాకు కలిగిన ఒకే ఒక్క ఆనందం అది.

మేస్త్రి తల వంచి నా కాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. జూట్ మిల్లు దాటాక, "ఆపు బాబూ. సెప్పులిప్పు" అన్నాడు.

"నా చెప్పులకీ గేరుబాక్సుకీ ఏం సంబంధం?"

"ఇప్పు సెప్తాను."

ఇప్పి నడిపాను. రెండో గేరు. శబ్దం లేదు. మూడో గేరు. శబ్దం లేదు. కానీ నా ఎడమ మడమ చురుక్కుమంది. కిందకి చూసుకున్నాను. కాలు పెట్టుకోవడానికి ఆ మూల ఒక దిమ్మ ఉంది, దాని మీద వదులైపోయిన స్టీలు రేకు. గేరు మారే మోత వినబడగానే నా ఎడమ కాలు, నన్ను అడగకుండా, లేని క్లచ్చుని ఒంటి బరువంతా వేసి తొక్కుతోంది. చెప్పు కింది నాడా ఆ రేకుకి తగిలి, ఇన్నాళ్ళూ టక్ మన్నది నేనే. మెకానిక్కు నడిపితే రాదు మరి, ఎలా వస్తుంది?

"వణుకూ నీదే బాబూ" అన్నాడు మేస్త్రి. "మెల్లగా పోయేకాడ ఆ కాలు క్లచ్చుని ఎతుక్కుంటా బ్రేకు మీదకి పోతంది. కుడికాలు పొమ్మంటాది, ఎడంకాలు ఆగమంటాది. ఆ క్లచ్చులు ఎవలి మాట ఇంటాయి? సగం పట్టుకుని సగం ఒగ్గి, మాడిపోతన్నాయి. ఇంకో నెల ఇలగే తోలుంటే రెండూ పోయుండేవి."

అంటే శబ్దం అబద్ధం, భయం మాత్రం నిజం. కారుని చంపుతున్నది నేనే. వెనక నుంచి మావ నవ్వు కోసం మెడ వంచుకుని ఎదురుచూశాను. పదకొండు మంది నవ్వినప్పటికంటే ఆ క్షణం బరువుగా ఉంది. నవ్వు రాలేదు.

"రెండేళ్ళు" అన్నాడు మావ, అత్తతో అన్నట్టు. "నా ఐసుబండి క్లచ్చు తొక్కీ తొక్కీ ఆ కాలు అలగైపోనాది ఈడికి."

మేస్త్రిని వర్క్‌షాపులో దింపాక మావ మోకాళ్ళు పట్టుకుని దిగి, వచ్చి ముందు సీటులో కూర్చున్నాడు. నా ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా అదిమాడు. "పోనీ." గేరు మారే ముందు నా కాలు ఉలిక్కిపడేది, ఆ చెయ్యి నొక్కేది, "ఒగ్గీ... ఒగ్గీ..." అనేవాడు, వదిలెయ్యమని దూడని బుజ్జగించినట్టు. రామతీర్థం దాకా అలాగే. ఐసుబండి మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఆయన ఇక ఎత్తడని నమ్మకం కుదరక చాలా రోజులు పెరట్లోకి చూడకుండా తిరిగాను.

ఇది జరిగి ఎనిమిదేళ్ళు. వర్క్‌షాపువాళ్ళ జాబ్ కార్డు మీద మేస్త్రి రాసిన మాట, 'శబ్దం దొరికింది: డ్రైవరు ఎడమ కాలు', ఇంకా నా దగ్గరే ఉంది. నా నాలుగు పేజీల ఫిర్యాదుని మాత్రం వెనక్కి తీసుకోలేదు. టీ సంగతి నిజమే కదా. ఇప్పుడు కారు మా ఆవిడ తోలుతుంది. నేను పక్కన కూర్చుంటాను. ఏడు రోడ్ల కూడలిలో గేరు మారగానే నా చెప్పు కింద టక్ మంటుంది. "మళ్ళీనా?" అంటుంది తను. మావ ఇప్పుడు కారెక్కి అంత దూరం రాలేడు. అందుకని నా ఎడమ మోకాలి మీద నా చెయ్యే వేసుకుని, ఎవరికీ వినబడకుండా, ఒగ్గీ, ఒగ్గీ, అని చెప్పుకుంటాను.