ముడెయ్యని అక్క

కుంఠా నాకాలోని వర్క్‌షాపులో నాకు ఇనుమును చెక్కే సీఎన్‌సీ మిల్లింగ్ నేర్పిన అక్కది కూడా నాలాగే మగ్గాల ఇల్లే. కొత్త ప్రోగ్రామ్ ఏదైనా, కట్టర్‌ను ముందు ఇనుముకు జానెడు పైన గాలిలో తిప్పి చూసేది. వర్క్‌షాపు యజమాని సేఠ్ "టైం ఖోటీ, దండగ" అని గొణిగినా మానలేదు.

నాది పవర్‌లూమ్ మీద పదేళ్ల అలవాటు. ఒకరోజు తిరిగే కట్టర్‌కు ఇనుప పొట్టు పోగులా చుట్టుకుంటే, తీసేద్దామని చెయ్యి పెట్టబోయాను. అక్క మిషన్ ఆపే ఎర్ర బటన్ గుద్దింది.

"పోగు తెగితే ముడేస్తవ్ తమ్మీ. వేలు తెగితే ఏమేస్తవ్?"

తలుపు తెరిస్తే ఆగిపోవాల్సిన మిషన్, తెరిచున్నా తిరగాలని సేఠ్ అంతకుముందే దాని లాకుకు ఒక తీగ కలిపించాడు. అక్క మెయిన్ ఆఫ్ చేసి, ఆ తీగను నూలు కత్తెరతో కత్తిరించింది. సేఠ్ ఉరికొచ్చి మళ్లీ ముడెయ్యమన్నాడు.

అక్క కత్తెర జేబులో పెట్టుకుంది.

"మా చేతులకు నూలు ముడెయ్యనే వస్తది సేఠ్. గిది రాదు."