ఫ్రెంచి ఆర్గనుకి చెవి ఆనించిన పెద్దాయన

ఆ రోజుల్లో మనుషులు రెండే రకాలని నా గట్టి నమ్మకం. మంచి సౌండు తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. మొదటి రకంలో నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. విజయనగరంలో డిగ్రీ ముగించుకుని (ముగిసింది గానీ పాసవలేదు) కోటబొమ్మాళి దగ్గర మా మావయ్య సౌండు సర్వీసులో చేరాను. ఆ ఏడాది పక్క ఊరి అమ్మవారి సంబరం బేరం దక్కకపోతే బాక్సులన్నీ అమ్మేస్తానని మావయ్య తేల్చి చెప్పేశాడు. అంటే నేను నాన్న దగ్గరికెళ్లి వరినాట్లలో నడుం వంచాలి. ఆ ఊహకే నాకు నడుం పట్టేసేది.

ఊరి పెద్దలు బాక్సులు మోగించి చూసుకుంటే గానీ బేరం ఖాయం చెయ్యరు. అలాంటప్పుడు ఎవరైనా మంచి డప్పు పాట వేస్తారు. నేను మాత్రం ఒక పాత ఫ్రెంచి రికార్డు ఎంచుకున్నాను. బోలెడుమంది వాద్యగాళ్లు, వాళ్ల వెనక తాటిచెట్లంత గొట్టాలతో మోగే ఆర్గను. బాక్సుల సత్తా తేల్చడానికి అంతకు మించింది లేదని నెట్లో చదివాను. (చదివానంతే, పూర్తిగా వినలేదు. అంత తీరికేదీ!) ఆర్గను పాట మధ్యలో మొదలవుతుందని తెలిసి, ఫోన్లో అక్కణ్ణుంచే పెట్టాను.

ఆర్గను మొదలైన మాట నిజమే. కానీ వినీ వినబడనట్టు, ఎక్కడో నేల కింద నీళ్లు పారుతున్నట్టు మొదలైంది. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఏటిరా, పలకదేటి?" అన్నాడు మావయ్య పళ్లు బిగించి. వాల్యూం పెంచాను. ఇంకా పెంచాను. చివరికి నాబు తిరగనని మొరాయించింది. ఫోన్లో పాటని ముందుకు జరిపి చూశాను, అక్కడా గుసగుసలే. సంబరం కమిటీ పెద్దాయనకి నామీద జాలేసింది కాబోలు, లేచొచ్చి, తలపాగా సర్దుకుని, బాక్సుకి చెవి ఆనించాడు.

"లోపలేదో మూలుగుతన్నాది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే గొట్టాలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. మోకాళ్ల నొప్పుల పెద్దాయన చింతతోపు దాకా పరుగెత్తాడు. గేదె పలుపు తెంపుకుంది. ఎవరి ఇంటివో రెండు పెంకులు జారాయి. ఆపేద్దామని కంగారులో నేను నొక్కింది ఎకో బటను. మావయ్య వచ్చి వైరు పీకేదాకా ఆ ఫ్రెంచివాళ్లు ఒక్కొక్కరూ నలుగురై వాయించారు.

పెద్దాయన రొప్పుతూ తిరిగొచ్చాడు. నాకు కళ్ల ముందు బురదమడులే కనిపిస్తున్నాయి.

"పక్కూరోళ్లకి ఇనబడాల. పెట్టెలు మీయే ఎట్టండి," అన్నాడాయన. తర్వాత నావైపు చెయ్యి చూపించాడు. "ఈ గుంటడ్ని మాత్రం మిషను దగ్గరకి రానీకండి."

మావయ్య క్షణం కూడా ఆలోచించకుండా ఒప్పేసుకున్నాడు. సంబరం రోజు నేను జెనరేటరు పక్కన కుర్చీ వేసుకుని, దూరంగా మోగుతున్న మా బాక్సుల్ని వింటూ కూర్చున్నాను. ఏడుపొచ్చిందంటే నమ్మండి.

ఇప్పుడు ఆఫీసు నుంచి ఆటోలో వస్తూ అదే రికార్డు ఇయర్‌ఫోన్లలో వింటుంటాను. ఉరుములాంటి ఆ మోత బాగానే ఉంటుంది గానీ, నాకు ప్రాణం లేచొచ్చేది ఆ మెల్లటి భాగం దగ్గరే. ఆ రోజు బాక్సులు పోయాయనుకుని నాకు చెమటలు పట్టింది అక్కడే. అప్పటి నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, నాబు మీంచి చెయ్యి తీసి కాసేపు ఊరికే వినరా అని చెప్పాలనిపిస్తుంది. వాడు వింటాడా, సౌండు తెలిసినవాడు!