మా ఆయన వేసిన కేక

మా ఆయన పేరు భీమారావు. పుట్టింది ఇల్లెందు దగ్గర. క్యాల్గరీలో కొత్తగా కట్టే ఇళ్ళకు, ఇటుక గోడల బదులు పెట్టే డ్రైవాల్ షీట్లు బిగించేవారు. ఇద్దరు మోసే షీటు ఆయనొక్కరే నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేసేవారు. మాట కంటే చెయ్యి ముందుండే మనిషి. తన కింద పనిచేసే కుర్రాణ్ణి మేస్త్రీ బూతులు తిట్టాడని, సుత్తి పిడితో ఆ మేస్త్రీ పన్ను రాలగొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నారు. నామీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. మా ఇంటి తలుపులు మాత్రం రెండు మార్చాం.

ఆ కోపం మరీ ముదిరితే బ్యాగు తగిలించుకుని డ్రమ్‌హెల్లర్ వైపు ఎడారి లోయల్లోకి పోయి, ఒక రాత్రి పడుకుని వచ్చేవారు. అక్కడ నీడనిచ్చే చెట్టుండదు. చారలు చారలుగా బూడిదరంగు మట్టిగుట్టలు, మధ్యన ఎండిపోయిన ఇసక దారి. "ఆడ కొడదామన్నా ఎవడూ దొరకడు సుగుణా" అనేవారు.

మా తమ్ముడు అచ్యుత్ అదే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. వాడి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు ఈయన గోడలు తడిమి, "జాయింట్లన్నీ కనపడుతున్నయ్, ఎవడు చేసిండురా" అన్నారు. "మీరే తాగొచ్చి చేశారేమో బావగారూ" అన్నాడు వాడు. అంతే, నలుగురిలో వాడి చెంప పేలింది. ఏడాదిపాటు మాటల్లేవు. అమ్మా నాన్నా పోయాక నాకున్న పుట్టింటి మనిషి వాడొక్కడే. పోయిన వేసవిలో ఇద్దరి కాళ్ళూ పట్టుకున్నంత పనిచేసి లోయకు బయల్దేరదీశాను. ఇద్దరి మధ్యా ఉంటానని నేనూ వెళ్ళాను.

నీళ్ళన్నీ మోసుకునే నడవాలి. ఎండ నెత్తిన కుంపటి. నాగజెముడు ముళ్ళు బూట్లలోంచి కూడా దిగాయి.

"ఇది పిక్నిక్కా, శిక్షా బావగారూ?"

"నోర్మూసుకొని నడువ్. ఊపిరి కాళ్ళకు పనికొస్తది."

సాయంత్రం అచ్యుత్ మెత్తగా ఉందని ఇసక దారి మధ్యన టెంటు వేశాడు. ఈయన చూసి, ఒక్క తన్ను తన్ని పడగొట్టారు. మేకులు పీకి విసిరేశారు.

"లే ఈడికెల్లి! సచ్చిపోతవ్!"

"మళ్ళీ మొదలెట్టారా? ఇంత ఇసకుంటే ఆ గట్టు మీద రాళ్ళ మీద పడుకోవాలా?"

ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. విడదీయబోయిన నా మూతికి ఎవరి మోచెయ్యో తగిలింది. నోరంతా రక్తం. అప్పుడు ఆగారు. మా ఆయన తువ్వాలు తడిపి నా పెదవికి అద్దుతుంటే తమ్ముడు మెల్లగా అన్నాడు.

"అక్కని కొట్టడానికా బావా ఇంత దూరమొచ్చాం?"

వాడి నోట "గారూ" పోయింది. ఆయన నవ్వారు. నాకు ఆ దెబ్బ తీపి అనిపించింది. ముగ్గురం గట్టుమీదే పడుకున్నాం.

తెల్లారాక పడమటి వైపు ఎక్కడో ఉరిమింది. మాకు చినుకు లేదు. నేను చిన్న స్టవ్ మీద టీ పెడుతున్నాను. అచ్యుత్, నిన్న విసిరేసిన మేకులు ఏరుకొస్తానని ఇసకలోకి దిగాడు. కాసేపటికి లారీ నిండా కంకర ఒలకబోస్తున్నట్టు చప్పుడు. మా ఆయన లేచి నిలబడి గొంతు చించుకున్నారు.

"వాగు! అచ్యుతా! వాగు!"

ఇల్లెందు మనిషికి ఆ ఒక్క మాట చాలు. పైన ఎక్కడో వాన పడితే, పొడి ఇసకలోకి గోడలా నీళ్ళొస్తాయని తెలుసు. మాది అమలాపురం. మా తమ్ముడికి తెలిసినవి లాకులెత్తితే వచ్చే కాలవ నీళ్ళు. వాడికి "ఆగు" అని వినపడింది.

ఆగాడు. మేకులు చేత్తో పట్టుకుని, "ఆగానుగా బావా, ఏంటి?" అన్నాడు.

వాడి వెనక వంపు తిరిగి నీళ్ళు కనపడ్డాయి. నీళ్ళు కావవి. బురద, కంచె గుంజలు, వేళ్ళతో సహా మొద్దులు. మా ఆయన గట్టు మీంచి దూకారు. తనమీదికి పిడికిళ్ళు బిగించి వస్తున్న బావని చూసి, కొట్టడానికే వస్తున్నాడనుకున్నాడు వీడు. వెనక్కి తగ్గుతూ మేకులతో పొడిచాడు. ఈయన బుగ్గ చీలింది. ఈయన ఒక్క గుద్దు గుద్దారు. దవడ విరిగిన చప్పుడు నా వరకూ వినపడింది. వాలిపోయిన వాణ్ణి రెండు చేతులా ఎత్తి, గట్టు మీదికి విసిరేశారు. నేను వాడి చొక్కా, జుట్టూ ఏది దొరికితే అది పట్టుకుని లాగాను.

తను ఎక్కబోయారు. ఆ మట్టి తడిస్తే సబ్బు. కాలు జారింది. మొద్దు వచ్చి నడుముకు కొట్టింది. ఆయన నోట్లోంచి అరుపు రాలేదు, గాలి వచ్చింది. ఇంకో గుంజ తలకు తగిలింది. ఒక చెయ్యి కనపడింది. తర్వాత అదీ లేదు.

వెతికేవాళ్ళకి కింద ఒక రైతు కంచెకు చుట్టుకుని దొరికారు.

మార్చురీలో ఇనప బల్ల మీద ఆయనకు ఆఖరి స్నానం చేయించడానికి అచ్యుత్ తనే దిగాడు. వాడి దవడకు తీగలు బిగించి ఉన్నాయి. ఆయన జుట్టులో గట్టిపడ్డ మట్టిని గోళ్ళతో పెకలిస్తూ, పళ్ళ సందున అడిగాడు.

"ఆగమన్నాడక్కా. ఆగాను. ఆగితే ఎందుకు కొట్టాడు? ఏడాది కోపం అప్పుడే తీర్చుకోవాలా?"

అలా అనుకుంటూ వాడు బతకడం నాకిష్టం లేకపోయింది.

"ఆగమనలేదురా. వాగు అన్నారు. వాగొస్తోందని చెప్పారు."

వాడు ఆ మాట పలకబోయాడు. వాచిన పెదాలు సాగలేదు. "ఆగు" అనే వచ్చింది. మళ్ళీ పలికాడు. మళ్ళీ అదే. అప్పుడు ఆ ఇనప బల్లకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నా అరచెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ళు నలిగాయి. తియ్యలేదు.