సత్యవతిది పిచ్చి కాదు

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. కట్టుకున్నవాడికి చెప్పలేదు. మొక్కుకున్న దేవుడికీ సూటిగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇది డెబ్బైల నాటి సంగతి. సత్యవతి మావారికి ఒక్కగానొక్క చెల్లెలు. తల్లి పోయింది కాబట్టి కాన్పుకు మల్కాపురంలో మా ఇంటికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మా వైపు బాలింత గది మూసి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెడతారు. ఎవరో ఒకరు దగ్గర కూర్చుని, మధ్యమధ్యలో తలుపు ఓరగా తీస్తుండాలి. నాకంత ఓపిక ఎక్కడిది? ఇరవై రెండేళ్లు, సినిమాలంటే ప్రాణం.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. మావారు పోర్టులో డ్యూటీకి వెళ్లారు. మ్యాట్నీకి వెళ్లాలని నా మనసు పీకుతోంది. పాపను పక్కింటి మామ్మ ఒళ్లో పెట్టి, బజారుకెళ్లొస్తానన్నాను. నేను వచ్చేదాకా ఆరకూడదని కుంపటి నిండా బొగ్గులు వేశాను. కిటికీ సందుల్లో గోనెగుడ్డలు కుక్కాను.

“కూసింత కిటికీ తియ్యొదినా. తల దిమ్ముగా ఉన్నాది.”

“సలిగాలి తగిల్తే మీ అన్నయ్యకి నానేటి సెప్పాల? మాటాడక తొంగో.”

బయట గొళ్లెం పెట్టి వెళ్లిపోయాను. సినిమా బాగుంది. అది కూడా చెప్పేస్తున్నాను, పడీ పడీ నవ్వాను.

వచ్చి చూస్తే స్పృహ లేకుండా పడి ఉంది. వరండాలోకి ఈడ్చి మొహాన నీళ్లు కొట్టాను. చాలాసేపటికి కళ్లు తెరిచి వాంతి చేసుకుంది. మావారు వచ్చేసరికి కుంపటి పెరట్లోకి చేరింది. నీరసంతో కళ్లు తిరిగాయన్నాను. ఏం జరిగిందో ఆమెకే గుర్తులేదు, ఆమె కూడా నమ్మింది.

రెండు మూడు వారాలు బాగానే తిరిగింది. పాపకు పాలిచ్చింది, నాతో పరాచికాలాడింది. గండం గడిచిందనుకున్నాను. ఆ తర్వాత మాట తగ్గింది. పాప గుక్కపట్టి ఏడుస్తున్నా గోడకేసి చూస్తూ కూర్చునేది. నడక తడబడేది. అన్నం తిన్నదో లేదో గుర్తుండేది కాదు, చీర తడిసినా తెలిసేది కాదు. బాలింత పిచ్చి అన్నారు అందరూ.

పెద్దాసుపత్రిలో డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి అడిగాడు, మూసిన గదిలో బొగ్గుల దగ్గర ఎప్పుడైనా స్పృహ తప్పిందా అని. ఆ గాలి పీల్చినవాళ్లు కొందరు బాగానే లేచి తిరుగుతారట, మెదడుకు తగిలిన దెబ్బ కొన్ని వారాలకు గానీ బయటపడదట. నాకు పూర్తిగా అర్థమైంది. పక్కన మావారు ఉన్నారు. లేదన్నాను.

చెబితే నయమయ్యేదా? ఏమో. దానికి పెద్దగా మందు లేదని ఆ డాక్టరే అన్నాడు. కానీ పిచ్చిదన్న పేరు పడకపోతే భర్త ఆమెను వదిలేసేవాడా, పాపను తీసుకుని ఎలమంచిలి వెళ్లిపోయేవాడా? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా ఇక్కడికే వచ్చి ఆగిపోతాను. నా కాపురం నిలబెట్టుకోవడానికి ఆమె కాపురాన్ని పోగొట్టాను.

ఇప్పుడు నడక కొంత కుదురుకుంది. మా ఇంట్లోనే ఉంటుంది, నేనే తల దువ్వుతాను. ఆడపడుచును కన్నకూతురిలా చూసుకుంటోందని వీధంతా మెచ్చుకుంటారు. ఇంటినిండా మనుషులున్నా నాకు ఎవరూ లేరు. నాకు మాట్లాడాలని ఉన్నది ఒక్క మాటే, అది ఎవరితోనూ మాట్లాడలేను.

సత్యవతి భర్తకు స్టీల్ ప్లాంటులో పని దొరికి మా ఊళ్లోకి మారారు, పోయిన నెల ఆ పాప మా ఇంటికి వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల. తల్లి దగ్గరికి పోకుండా గుమ్మంలోనే నిలబడింది. వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచింది.

“అత్తా, అమ్మ పిచ్చి నాకూ వత్తాదా?”

రాదన్నాను. నీకెలా తెలుసని అడిగింది. బస్సు వేళవుతోందన్నాను.

ఆ పిల్లకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. అది పిచ్చి కాదు, రక్తంలో లేదు. వాళ్లమ్మను అలా చేసింది నేను. రాసేశాక నాకు కొంచెం ఊపిరాడుతోంది. ఆ పిల్ల మాత్రం ఇంకా భయపడుతూనే ఉంటుంది.